బిగువు ఎవరి చేతిలో ఉంది?

మెటాడోర్ వ్యాన్లు మన ఊళ్ల మధ్య తిరిగిన రోజుల్లో డ్రైవరు సీటు కిందనో వెనకాలో ఒక కొత్త ఫ్యాన్ బెల్టు చుట్టగా పడి ఉండేది. ఇంజను మీది బెల్టు తెగితే బండి ఇంటి ముందు ఉన్నా, దారిలో చెట్టు కింద ఉన్నా, రెండు మూడు పానాలతో పని అయిపోయేది. ఇవాళ అంతే పెద్ద డీజిల్ వ్యాను బెల్టు కీచుమంటే యజమాని మొదట వెతికేది మెకానిక్కు నంబరు. ఈ మార్పుకు అందరూ చెప్పే కారణం ఒకటే: మనుషులకు ఓపిక పోయింది, చేతిపని మరిచారు. పాతకాలం మీద మమకారం ఉన్నవాళ్లకు ఈ మాట మరీ ఇంపుగా ఉంటుంది. బెల్టు చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం కథ ఇంకోలా కనిపిస్తుంది. బెల్టును ఎవరు మారుస్తారన్నది మనిషి ఓపికను బట్టి తేలలేదు. దాని బిగువును నిలబెట్టే పనిని యంత్రంలో ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి తేలింది. ఆ పని మనిషి చేతిలో ఉన్నంత కాలం మార్చడమూ ఇంట్లోనే జరిగింది. చేతిలోంచి యంత్రం లోపలికి జారిన కొద్దీ ఆ అలవాటూ ఇల్లు వదిలింది.

బెల్టుకు ఉన్న గుణం, లోపం రెండూ బిగువే. ఒక చక్రం తిరుగుడును ఇంకో చక్రానికి అది రాపిడితో మోసుకెళ్తుంది. వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే ఇరుసు మీదా బేరింగు మీదా భారం పడుతుంది. తోలైనా, నారైనా, రబ్బరైనా వాడే కొద్దీ సాగేదే, అరిగేదే. అందుకని ఒకసారి కుదిరిన బిగువు కలకాలం ఉండదు, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ సరిచేయాలి. ఈ "ఎవరో ఒకరు" ఎవరన్నదే అసలు చరిత్ర. అది మోటారు బండితో మొదలు కాలేదు. క్రీస్తుకు కొన్నేళ్ల ముందు చైనాలో యాంగ్ షియోంగ్ కూర్చిన పదకోశంలోనే దారం చుట్టే పరికరానికి బెల్టు ఉన్న ఆనవాళ్లను చరిత్రకారుడు జోసెఫ్ నీధామ్ చూపించాడు. మనకైతే అంత దూరం పోనక్కర లేదు, రాట్నం చాలు. పెద్ద చక్రం నుంచి కదురు దాకా సాగే ఆ తాడు అచ్చంగా బెల్టే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో 24 ఆకుల రాట్నం మీద సన్న నూలు వడికే స్త్రీలకు బెల్టు బిగువు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. తాడు వదులైతే కదురు జారుతుంది; జారితే పురి తగ్గుతుంది; పురి తగ్గితే పోగు పుటుక్కున తెగుతుంది. తప్పు ఎక్కడుందో క్షణంలో వేళ్లకే తెలుస్తుంది. తాడు విప్పి, కాస్త కురచ చేసి, ముడి మళ్లీ వేస్తే సరి. బెల్టు తయారుచేసేదీ, మార్చేదీ, బిగువు చూసేదీ, దాని ఫలితం అనుభవించేదీ ఒకే మనిషి.

ఇది పేదరికం నేర్పిన సర్దుబాటు మాత్రమేనని కొట్టిపారేయడానికి లేదు. మరమ్మతు అందుబాటులో ఉండటం యంత్రం చేసేవాడి బాధ్యత అన్న ఆలోచన ఈ దేశంలో కాగితం మీదికి కూడా ఎక్కింది. 1929లో అఖిల భారత చరఖా సంఘం మేలైన రాట్నం కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఎంత నూలు తీయాలి, ఎంత తేలిగ్గా తిరగాలి అన్న షరతులతో పాటు ఇంకొన్ని పెట్టింది: ధర 150 రూపాయలు దాటకూడదు, తగిన సమయంలో బాగోగులు చూసుకుంటే 20 ఏళ్లు నడవాలి, ఏటా మార్చే భాగాల ఖర్చు యంత్రం ధరలో 5 శాతం మించకూడదు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. షరతులు అసాధ్యమని నవ్వుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. అయినా ఆ చివరి షరతును ఇవాళ్టి డీజిల్ వ్యాను పక్కన పెట్టి చదివితే నవ్వు రాదు.

తోలు బెల్టు మిల్లుల్లోకి వచ్చాక కొలత పెరిగింది గానీ సూత్రం మారలేదు. ఆవిరి యంత్రమో ఆయిలింజనో ఒక మూల తిరుగుతుంటే పైకప్పు కింద పొడవాటి ఇరుసు, దాని మీద వరుసగా పుల్లీలు, ఒక్కో పుల్లీ నుంచి ఒక్కో యంత్రానికి బల్లపరుపు బెల్టు. మన డెల్టా ఊళ్ల హల్లరు మిల్లుల్లోనూ, బావి గట్టు మీది పంపుల దగ్గరా అదే అమరిక చిన్నగా ఉండేది. 1946లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ ఏర్పడ్డ తరవాత దేశంలో తయారైన డీజిలింజన్లు పల్లెలకు వచ్చాయి. పెద్ద ఫ్లైవీలు, పక్కన పుల్లీ. దానికి ఈ పూట నీళ్ల పంపు, రేపు ధాన్యం మర, ఎల్లుండి చెరకు గానుగ తగిలించవచ్చు. బెల్టు సాగితే ఇంజనును కాస్త వెనక్కి జరిపి దిమ్మ మీద బిగించేవారు, లేదా బెల్టునే కోసి, అతుకు దగ్గర బెజ్జాలు వేసి, పచ్చితోలు వారుతోనో ఇనప క్లిప్పులతోనో మళ్లీ కుట్టేవారు. జారుతుంటే గుగ్గిలం పొడి, తోలు ఎండితే ఆముదం. ఇవేవీ ఊళ్లో దొరకని సరుకులు కావు. కొలతకు కన్నూ, చెవీ ఉన్నాయి: బెల్టు కింది వైపు ఎంత వేలాడుతోంది, అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా చప్పుడు ఎలా ఉంది. ఒక చిన్న తేడా మాత్రం గమనించాలి. రాట్నం తాడులో బిగువు, దాని ఫలితం వడికే మనిషి దగ్గరే ఉండేవి. మిల్లులో బెల్టు చూసే మనిషి ఒకడు, ధాన్యం పోసే మనిషి ఇంకొకడు. చేయి విడిపోవడం అక్కడే మొదలైంది.

ఆ విడిపోవడానికి మంచి కారణమే ఉందని వెంటనే ఎవరైనా అనొచ్చు. తిరిగే బెల్టు మనుషుల చేతుల్ని, ధోవతుల్ని, జుట్టును లాక్కుపోయేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చదివితే ఆ భయం ఎంత నిజమో తెలుస్తుంది. యంత్రం నడుస్తుండగా దాన్ని పరీక్షించాల్సి వస్తే ఆ పని ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషుడే చేయాలి, ఒంటికి అతుక్కున్న బట్టలు వేసుకోవాలి, అతని పేరు రిజిస్టరులో ఉండాలని ఆ చట్టం చెప్పింది. తిరుగుతున్న పుల్లీ మీది బెల్టును ముట్టుకోవాలంటే దాని వెడల్పు 15 సెంటీమీటర్లు దాటకూడదు, అతుకు వారుతో కుట్టినదో ఎత్తు లేకుండా నున్నగా కలిసినదో అయి ఉండాలంది. స్త్రీలూ చిన్నవాళ్లూ నడిచే యంత్రాన్ని శుభ్రం చేయడానికీ సరిచేయడానికీ దగ్గరికి పోకూడదంది. రాట్నం దగ్గర స్త్రీల చేతి పనిగా ఉన్నది మిల్లు గోడల మధ్య చట్టం దృష్టిలో శిక్షణ పొందిన మగవాడి పనైంది. ప్రమాదం గురించిన ఈ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ అది తిరిగే బెల్టు గురించి చెప్పింది. ఆపిన ఇంజను మీద బెల్టు మార్చడానికి అది అడ్డు రాదు, తరవాత యాభై ఏళ్లు అడ్డు రాలేదు కూడా.

ఆ యాభై ఏళ్లూ వి-బెల్టువి. అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ 1917లో రూపొందించిన ఈ బెల్టు అడ్డకోతలో చూస్తే పైన వెడల్పు, కింద ఇరుకు. పుల్లీ గాడి కూడా అలాంటిదే. లాగే కొద్దీ బెల్టు గాడిలోకి చీలలా దిగుతుంది. గాడి కోణం దాదాపు 40 డిగ్రీలు కాబట్టి, అదే బిగువుతో బల్లపరుపు బెల్టు కంటే మూడు రెట్ల దాకా పట్టు ఎక్కువ. అంటే వెడల్పాటి తోలు పట్టా చేసే పనిని వేలెడు రబ్బరు చేస్తుంది, కాస్త అటూ ఇటూ ఉన్నా క్షమిస్తుంది. ఈ క్షమాగుణమే ఇంటి మరమ్మతుకు ప్రాణం పోసింది. డైనమోను, ఆ తరవాత ఆల్టర్నేటరును, ఒక బోల్టు మీద ఊగేలా అమర్చి, రెండో బోల్టుకు వంపుగా పొడవాటి గాడి ఇచ్చారు. బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటరును లోపలికి తోసి, పాత బెల్టు తీసి కొత్తది వేసి, పెద్ద స్క్రూడ్రైవరుతోనో కర్ర ముక్కతోనో బయటికి లాగి పట్టుకుని బోల్టు బిగిస్తే అయిపోయింది. కొలత బొటనవేలు: రెండు పుల్లీల నడుమ బెల్టును నొక్కితే దాదాపు అర అంగుళం దిగాలి. ఏ కంపెనీ పుస్తకం తిరగేసినా ఇంచుమించు ఇదే కొలత కనిపిస్తుంది. మెటాడోర్‌కూ, తరవాతి టెంపో ట్రావెలర్‌కూ పెట్టిన మెర్సిడెస్ ఓఎం616 డీజిలింజను ఈ తరానిదే. వాల్వులను నడిపేది లోపలి గొలుసు. బయట కనబడేవి మాత్రం మామూలు వి-బెల్టులు.

గాలితో చల్లబడే ఇంజనున్న ఫోక్స్‌వాగన్ వ్యాను ఇంకా విచిత్రం. 1950 నుంచి తయారైన ఆ పెట్రోలు బండిలో బెల్టు తెగితే డైనమోతో పాటు ఇంజనును చల్లబరిచే ఫ్యానూ ఆగుతుంది, ఇంక ఒక్క మైలు కూడా నడపకూడదు. కాబట్టి తయారీదారు బిగువు పనిని ఎవరి దయకూ వదలలేదు. పుల్లీని రెండు పళ్లేలుగా చేసి మధ్యలో పలుచటి రేకు బిళ్లలు పెట్టాడు. బెల్టు సాగితే ఒక బిళ్ల తీయాలి. గాడి ఇరుకై బెల్టు పైకి లేచి బిగుసుకుంటుంది. తీసిన బిళ్లను పారేయకుండా పుల్లీ బయటి వైపు పెట్టుకోవాలి, ఎందుకంటే కొత్త బెల్టు వేసినప్పుడు మళ్లీ అవసరం. అంటే ఆ బెల్టు ఎంత సాగిందో లెక్క పుల్లీ మీదే కనబడుతుంది. ఇంజనీరు యజమానికి రాసిన ఉత్తరం లాంటిది ఈ అమరిక. ఇంగ్లండులో జాన్ హేన్స్ బండ్లను విప్పి, మళ్లీ బిగించి, ఆ వరుసను ఫోటోలతో పుస్తకాలుగా వేయడం మొదలుపెట్టింది కూడా ఆ కాలంలోనే, 1966లో. ఆ పుస్తకాలు అంతగా అమ్ముడుపోవడానికి అక్కడి కూలి రేట్లు ఒక కారణం. బండ్లు అలా విప్పడానికి లొంగేవి కావడం అంతకంటే పెద్ద కారణం. తెగిన ఫ్యాన్ బెల్టు చోట ఆడవాళ్ల నైలాన్ మేజోడు ముడివేసి ఇంటికి చేరుకోవచ్చన్న చిట్కా అక్కడ ఎంత ప్రచారమో చెప్పనక్కర లేదు. అది ఎన్నిసార్లు నిజంగా పనిచేసిందన్నది వేరే సంగతి. అలా అనుకోగలిగారన్నదే ముఖ్యం.

1979లో ఫోర్డ్ మస్టాంగ్‌తో చేతికీ బెల్టుకూ ఉన్న ఈ బంధం మారింది. గేట్స్ కంపెనీ ఇంజనీరు జిమ్ వాన్స్ ఆలోచన ప్రకారం రెండు మూడు వి-బెల్టుల చోట, లోపలి వైపు సన్న గాళ్లున్న ఒకే పలుచటి బెల్టు వచ్చింది. వి-బెల్టు మందంగా ఉండి ఒకవైపే వంగుతుంది. ఇది వీపు వైపు కూడా వంగుతుంది కాబట్టి పాములా మెలికలు తిరుగుతూ ఆల్టర్నేటరు, పవర్ స్టీరింగు పంపు, ఏసీ కంప్రెసరు, కొన్నింట్లో నీళ్ల పంపు, అన్నింటినీ ఒక్కటే తిప్పుతుంది. బిగువు చూసేది స్ప్రింగు ఉన్న టెన్షనర్. బోల్టుకు పొడవాటి గాడి పోయింది, బొటనవేలి అర అంగుళమూ పోయింది. ఇక్కడ నా వాదానికి అన్నిటికంటే గట్టి ఎదురుదెబ్బ ఉంది, దాన్ని దాటవేయడం కుదరదు: ఈ బెల్టు మార్చడం పాతదానికంటే తేలిక. టెన్షనర్‌ను ఒక పానాతో తిప్పి పట్టుకుంటే బెల్టు వదులవుతుంది, కొత్తది అదే దారిలో వేసి వదిలితే స్ప్రింగే బిగువు చూసుకుంటుంది. చోటు ఉన్న బండిలో పావుగంట పని. మరి మార్పు మనిషి చేతిని దూరం చేసిందనడం ఎలా?

చేయడం తేలికైంది, తెలుసుకోవడం కష్టమైంది, జవాబు అదే. వి-బెల్టు బిగించేవాడు ప్రతిసారీ యంత్రం ఆరోగ్యాన్ని చేత్తో తడిమేవాడు. స్ప్రింగు బిగువును కాపాడుతుంది, కానీ బిగువు ఎందుకు తగ్గుతోందో దాచేస్తుంది కూడా. డీజిల్ వ్యానులో ఇది మరీ ఎక్కువ. డీజిలింజనులో ఒక్కో సిలిండరు కొట్టే దెబ్బ బలంగా ఉంటుంది, ఇరుసు సమంగా కాక కుదుపులతో తిరుగుతుంది, ఆ కుదుపు బెల్టుకు పాకుతుంది. దాన్ని మింగడానికి క్రాంకు పుల్లీలో రబ్బరు పొర, ఆల్టర్నేటరు పుల్లీలో ఒకవైపే పట్టే ఫ్రీవీలు పెడతారు. ఆ ఫ్రీవీలు బిగుసుకుపోతే టెన్షనర్ చేయి గడగడ వణుకుతుంది, కొత్త బెల్టు కూడా కొన్నాళ్లకే పాడవుతుంది. ఇంట్లో బెల్టొక్కటే మార్చినవాడు "డూప్లికేట్ సరుకు" అని దుకాణదారుణ్ణి తిడతాడు. తప్పు బెల్టుది కాదు, దుకాణానిదీ కాదు. రబ్బరు కూడా మౌనం నేర్చుకుంది. పాత నియోప్రీన్ బెల్టు ముసలిదైతే పగుళ్లు వేసేది, ఎవరికైనా కనబడేది. తరవాత వచ్చిన ఈపీడీఎం రబ్బరు చాలాకాలం పగలదు. టైరు గాళ్లలా లోపల్లోపల అరిగిపోతుంది. అరుగుదల తెలియాలంటే ప్లాస్టిక్ కొలపట్టీ కావాలి. ఇక కొన్ని బండ్లలో టెన్షనరే లేదు. బెల్టే సాగి, తనను తాను బిగించుకుంటుంది. దాన్ని కత్తితో కోసి తీయాలి, కొత్తదాన్ని దానికోసమే చేసిన పనిముట్టుతో ఎక్కించాలి. తాడు ముడి నుంచి బోల్టుకు, బోల్టు నుంచి స్ప్రింగుకు, స్ప్రింగు నుంచి రబ్బరు నారలోకి: బిగువు అడుగడుగునా లోపలికి జరిగింది.

అదే సమయంలో బెల్టు తెగితే వచ్చే ముప్పూ పెరిగింది. పెట్రోలు ఇంజనులా గాలి దారికి అడ్డు మూత లేకపోవడంతో డీజిలింజనులో బ్రేకులకు సాయపడే శూన్యం దానంతట పుట్టదు, వేరే పంపు కావాలి. చాలా డీజిల్ బండ్లలో ఆ పంపును ఆల్టర్నేటరు వెనకాలే బిగించారు. అలాంటి బండిలో బెల్టు తెగితే బ్యాటరీ దీపం వెలగడమే కాదు, కొంతసేపటికి బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. పళ్లున్న టైమింగ్ బెల్టు సంగతి ఇంకా వేరు. 1976 నాటి గోల్ఫ్ డీజిల్ కారు నుంచి ఎన్నో చిన్న డీజిలింజన్లలో వాల్వుల్నీ ఇంధనం చిమ్మే పంపునూ అదే నడిపింది. అలాంటి ఇంజనులో పిస్టను పైకి వచ్చినప్పుడు వాల్వుకు ఖాళీ ఉండదు. బెల్టు తెగినా, ఒకటి రెండు పళ్లు తప్పించి వేసినా వాల్వులు వంగిపోవచ్చు. ఇరుసుల్ని తాళం వేసే పనిముట్లు లేకుండా ఇంట్లో దాని జోలికి వెళ్లకూడదనే వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. బాధ ఏమిటంటే, ఈ భయం పక్కనున్న మామూలు బెల్టుకు కూడా అంటుకుంది. పేరులో రెండూ బెల్టులే కదా.

కొత్త బెల్టులు ఎక్కువ కాలం మన్నుతాయి, ఇంట్లో నేర్చుకోవాల్సిన అవసరమేముందని ఇంకొకరు అడుగుతారు. మన్నుతాయి, నిజమే, లక్ష కిలోమీటర్లు దాటినవీ ఉన్నాయి. ఆ మన్నికే అలవాటును చంపింది. ఏడాదికోసారి చేసే పని చేతికి గుర్తుంటుంది. ఏడేళ్లకోసారి వచ్చే పనికి ఎవరూ పానాలు కొనిపెట్టుకోరు. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ దీన్ని సోమరితనం ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం.

మన దగ్గర అసలు ఇంటి మరమ్మతు అనే ఆచారమే లేదు, అది కూలి ఖరీదైన దేశాల సంగతి, మనకు మూలమూలనా మెకానిక్కు ఉన్నాడు అనే మాటలో కూడా కొంత సత్యం ఉంది. సొంత కారున్న తెలుగువాడు కారు కిందికి దూరడం అరుదు. కానీ "ఇల్లు" అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. వ్యానుకు, లారీకి డ్రైవరూ క్లీనరే ఇంటి మనుషులు. బండే వాళ్ల ఇల్లు. బెల్టు వాళ్లే వేసుకునేవారు, క్లీనరు డ్రైవరు కావడానికి నేర్చుకునే మొదటి పాఠాల్లో అదొకటి. వాళ్ల వెనక విజయవాడ ఆటోనగర్ లాంటి మెకానిక్కు షెడ్ల చోట్లు నిలబడ్డాయి. ఆ చోట్లకు కూడా దారి ఇరుకైంది. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను బయట అమ్మనివ్వకుండా, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు దొరకనివ్వకుండా చేశారన్నది అభియోగం. దాని మీద అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. యజమాని చేతిలోంచి జారినది బయటి మెకానిక్కు చేతిలో ఆగకుండా, కంపెనీ గుమ్మం దాకా పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు.

ప్రయాణం ఒకే దిశలో పోయిందని మాత్రం చెప్పలేం. 1886లో కార్ల్ బెంజ్ మొదటి బండిలో ఇంజను నుంచి నడుమ ఇరుసుకు శక్తిని మోసింది తోలు బెల్టే. నూరేళ్లకు పైగా గడిచాక బెల్టు ఈసారి చక్రం దాకానే వచ్చింది, కొన్ని విద్యుత్ స్కూటర్లలోనూ, గొలుసు లేని కొన్ని సైకిళ్లలోనూ. సైకిలు బెల్టు తయారుచేసేవాళ్లే దాని బిగువు కొలవడానికి ఒక ఫోన్ యాప్ ఇస్తున్నారు. వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగి, బెల్టును తంబుర తీగలా ఒక వేలితో మీటాలి. ఫోను ఆ నాదం వింటుంది. స్వరం హెచ్చుగా ఉంటే బిగువెక్కువ, తగ్గుగా ఉంటే వదులు. సరైన అంకె తెర మీద కనిపించేదాకా చక్రాన్ని జరిపి, మళ్లీ మీటి, మళ్లీ జరపాలి. ఆ పని ఇంటి వరండాలోనే అయిపోతుంది.